ఓటులేని వాళ్ళ జడ్జి

మన దేశంలో జడ్జీలు పరీక్షలు రాసి వస్తారు, లేదా బార్‌లో పేరు తెచ్చుకున్నాక నియమితులవుతారు. ఓట్లడిగి ఎవరూ రారు. ఒక జడ్జీగారు గుమ్మం గుమ్మం ఎక్కి, చేతులు జోడించి, తనకే ఓటెయ్యమని అడగడం ఊహించుకుంటే మనకు ముందు నవ్వొస్తుంది. ఆ తర్వాత కొంచెం భయం కూడా వేస్తుంది. ఓటేసినవాడు రేపు వాదిగా వచ్చి నిలబడితే ఏమిటి సంగతి? ఓటెయ్యనివాడు ప్రతివాదిగా వస్తే వాడి గతేమిటి?

కాని అమెరికాలో చాలా రాష్ట్రాల్లో కింది కోర్టుల జడ్జీలు ఈనాటికీ ఎన్నికల్లో గెలిచే వస్తారు. అందులో ప్రొబేట్ వ్యవహారాలు చూసే జడ్జీలూ ఉన్నారు. ప్రొబేట్ అంటే న్యాయశాస్త్రం చదవనివాళ్ళకు ఒక్క ముక్క చెప్పాలి. పోయినవాళ్ళు రాసిపెట్టిన వీలునామా అసలుదో కాదో తేల్చడం, అప్పులు తీర్చి మిగిలిన ఆస్తిని వారసులకు అప్పగించడం, దిక్కులేని మైనరు పిల్లలకు గార్డియన్‌ను నియమించడం, ఇదీ ఆ కోర్టు పని. కాగితాల పని. పేరు రాదు, పత్రికల్లో పడదు. అలాంటి ఒక ఊరి కోర్టు కుర్చీలో కూచుని, ఎన్నిక మీద ఎన్నిక గెలిచి, చివరికి ఎన్నికల దావాలోనే ఆ కుర్చీ పోగొట్టుకుని, ప్రపంచమంతటా పేరు మోగిన మనిషి ఒకాయన ఉన్నారు. ఆయన పేరు బెన్ లిండ్సే. ఆయన గురించి చదివినకొద్దీ నన్ను పట్టుకుని వదలని ప్రశ్న ఒక్కటే. ఓట్లతో బతికే ఒక జడ్జి, అసలు ఓటే లేని వాళ్ళకోసం ఎంతదాకా నిలబడగలడు?

లిండ్సే 1869 నవంబరు 25న టెనెస్సీ రాష్ట్రంలోని జాక్సన్ అనే ఊళ్ళో పుట్టారు. తండ్రి అంతర్యుద్ధంలో దక్షిణాది సైన్యంలో పనిచేసినవాడు. కొన్నాళ్ళకు కుటుంబం పడమటి కొండల దగ్గరి డెన్వర్ నగరానికి వలస వెళ్ళింది. అది కొలరాడో రాష్ట్రానికి రాజధాని. వెండిగనుల మీద డబ్బు పొంగుతున్న ఊరు. ఆ పొంగులో ఈ కుటుంబానికి దక్కింది మాత్రం ఏమీ లేదు. అప్పులూ, అనారోగ్యమూ మీదపడి తండ్రి ఆత్మహత్య చేసుకున్నాడు. అప్పటికి పెద్దకొడుకు బెన్‌కు పద్దెనిమిదేళ్ళు. ఇంటి బరువంతా ఆ కుర్రాడి మీద పడింది.

తెల్లవారుజామున పత్రికలు వెయ్యడం, పగలు ఒక ఆఫీసులో పని, రాత్రిపూట అదే ఊళ్ళో గదులు ఊడ్చి తుడవడం, ఇలా మూడు పనులు చేశాడు. మిగిలిన కాస్త టైములో ఒక వకీలు ఆఫీసులో లా పుస్తకాలు చదివేవాడు. తిండి సరిగా లేదు, నిద్ర లేదు, చదువు తలకెక్కడం లేదు. ఒకనాడు విరక్తి పుట్టి పిస్తోలు కణతకు పెట్టుకుని మీట నొక్కాడు. అది పేలలేదు. ఈ సంగతి ఆయనే తర్వాత దాచుకోకుండా రాసుకున్నారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్ళు కూడా లేవు. ఒక పిల్లవాడు తప్పుదారి పట్టేముందు వాడి ఇంట్లో ఏం జరుగుతుందో, వాడి కడుపులో ఏముంటుందో ఆయన పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు.

1894లో ప్లీడరుగా సన్నదు దొరికింది. కొత్త ప్లీడరు కదా, కోర్టువారు ఫీజులేని కేసు ఒకటి అప్పగించారు. ఇద్దరు దొంగల తరపున వాదించాలి. జైలుకు వెళ్ళి చూస్తే ఆ దొంగలు ఇద్దరూ చిన్న కుర్రాళ్ళు. ఒక ఇనప్పెట్టెలు పగలగొట్టేవాడితోనూ, ఒక గుర్రాల దొంగతోనూ కలిసి ఒకే కొట్లో కూచుని పేకాడుతున్నారు. విచారణకైనా రాకుండా అరవై రోజులుగా అక్కడే ఉన్నారు. ప్రభుత్వం తన ఖర్చుతో వాళ్ళను దొంగతనం బడిలో చేర్పించిందన్నమాట. ఆ దృశ్యం ఆయన మనసులో ముద్ర పడిపోయింది.

ఇక రాజకీయం. లిండ్సే డెమొక్రాటిక్ పార్టీలో తిరిగినవారే, పార్టీకి పనిచేసినవారే. ఆయన్ని గంగలో మునిగి వచ్చిన పుణ్యపురుషుడుగా చూపిస్తే అది అబద్ధమవుతుంది. పార్టీకి చేసిన సేవకు ప్రతిఫలంగానే 1899లో ఆయనకు ఒక ఉద్యోగం వచ్చింది. దిక్కులేని ఆస్తులకూ, దిక్కులేని పిల్లలకూ ప్రభుత్వం తరపున సంరక్షకుడుగా ఉండే ఉద్యోగం. ఇది ప్రొబేట్ కోర్టు గుమ్మంలో చేసే పనే. కొలరాడోలో ఆ వ్యవహారాలన్నీ కౌంటీ కోర్టువి. కౌంటీ అంటే ఇంచుమించు మన జిల్లా అనుకోండి. ఆ కోర్టు జడ్జి రాష్ట్ర సుప్రీంకోర్టుకు వెళ్ళడంతో ఖాళీ అయిన కుర్చీలో 1901 జనవరిలో లిండ్సేని కూచోబెట్టారు. ముప్ఫై ఒక్క ఏళ్ళవాడు, పొట్టి మనిషి, బక్కపలచని ఒళ్ళు. పార్టీ పెద్దలు ఈయన మన మాట వింటాడులే అనుకుని ఉంటారు. అదే ఏడు నవంబరులో ఎన్నికలో నిలబడి తన సొంత హక్కుతో గెలిచారు.

ఆ మొదటి నెలల్లో జరిగిన ఒక కేసును ఆయన జీవితమంతా చెప్పుకునేవారు. కోర్టులో ఒక ఆస్తి తగాదా నడుస్తోంది. తాకట్టుపడి ఎక్కడో గోడౌనులో మగ్గిన పాత కుర్చీలూ బల్లలూ ఎవరివి, వాటి ఖర్చు ఎవరు భరించాలి అన్నది వివాదం. ఇరుపక్షాల ప్లీడర్లూ గంటల తరబడి వాదిస్తున్నారు. మధ్యలో ప్రభుత్వ ప్లీడరు లేచి, ఒక దొంగతనం కేసుంది, నేరం ఒప్పుకున్నాడు, నిమిషంలో తేలిపోతుంది, కాస్త చూసెయ్యమన్నాడు. బోనులోకి ఒక చిన్నకుర్రాడు వచ్చాడు. ఇటలీ నుంచి వలస వచ్చినవాళ్ళ పిల్లవాడు. రైలుపట్టాల దగ్గర బొగ్గు ఎత్తుకుపోయాడట. సాక్ష్యం ఉంది, చట్టం స్పష్టంగా ఉంది. జడ్జీగారు బాలనేరస్థుల పాఠశాలకు పంపిస్తూ శిక్ష చెప్పారు. నిజంగానే నిమిషం పట్టలేదు.

అంతలో కోర్టు హాలు వెనకనుంచి ఒక కేక వినిపించింది. తల మీద శాలువా కప్పుకున్న ఒక ముసలామె, ఆ పిల్లవాడి తల్లి, గోడకేసి తల బాదుకుంటూ ఏడుస్తోంది. ఆ ఏడుపు వింటూ పాత కుర్చీల తగాదా మళ్ళీ మొదలుపెట్టడం జడ్జీగారి వల్ల కాలేదు. శిక్షను అప్పటికి ఆపి, ఆ రాత్రి ఆయన స్వయంగా వాళ్ళ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళారు. రెండు గదుల గుడిసె. తండ్రి లోహం కరిగించే కర్మాగారంలో పనిచేసి, సీసం విషం ఒంటికెక్కి మంచం పట్టాడు. బయట చలి. ఇంట్లో నిప్పు లేదు. పిల్లవాడు బొగ్గు ఎత్తుకొచ్చింది అందుకు. ఆ కుర్రాడిని తన అదుపులోనే ఉంచుకుని, అప్పుడప్పుడు వచ్చి కనపడమని ఇంటికి పంపేశారు.

ఈ కథలో నాకు బాగా గుచ్చుకునేది తల్లి ఏడుపు ఒక్కటే కాదు. ముందు నడిచిన ఆ కుర్చీల తగాదా కూడా. పాత సామాను మీద హక్కు తేల్చడానికి చట్టం గంటలకొద్దీ వ్యవధి ఇచ్చింది. ఒక పసివాడి జీవితానికి నిమిషం ఇచ్చింది. ఆస్తిని కాపాడే కోర్టులోనే కూచుని లిండ్సే ఆ తేడాను చూశారు. తండ్రి పోతే పిల్లవాడి పొలానికి గార్డియన్‌ను వేసే కోర్టు, పిల్లవాడికే గార్డియన్ ఎందుకు కాకూడదు? ఆయన తర్వాత చేసిందంతా ఈ ఒక్క ఆలోచనలోంచి పుట్టింది.

అయితే చట్టంలో దానికి దారేదీ? అమెరికాలో మొట్టమొదటి బాలల కోర్టు చట్టం 1899లో ఇల్లినాయ్ రాష్ట్రంలో వచ్చింది, చికాగోలో అమలయింది. కొలరాడోలో అదింకా లేదు. లిండ్సే పాత సెక్షన్లన్నీ తిరగేశారు. 1899లోనే కొలరాడోలో వచ్చిన నిర్బంధ విద్య చట్టంలో ఒక సెక్షన్ కనపడింది. బడి ఎగ్గొట్టి అల్లరిగా తిరిగే పిల్లలను కోర్టు సరిదిద్దవచ్చునని అందులో ఉంది. అంతే, బడి ఈడు పిల్లలందరినీ నేరస్థులుగా కాకుండా ఆ సెక్షన్ కింద బడిపిల్లలుగా తన దగ్గరికే పంపమని ప్రభుత్వ ప్లీడరును ఒప్పించారు. ఒక్క కొత్త చట్టం లేకుండా, ఒక్క కొత్త పైసా అడక్కుండా డెన్వర్‌లో బాలల కోర్టు మొదలైపోయింది. న్యాయశాస్త్ర విద్యార్థులు ఈ సంగతి గమనించాలి. మనసుంటే చట్టంలో చిన్న సందు చాలు.

ఆ కోర్టు ఎలా నడిచేదంటే, ఎత్తయిన పీఠం దిగి జడ్జీగారు పిల్లల మధ్య కూచునేవారు. ప్రొబేషన్ మీద ఉన్న కుర్రాళ్ళు శనివారాల్లో బడి పంతులు రాసిన రిపోర్టు పట్టుకుని వచ్చేవారు. రిపోర్టు బాగుంటే అందరి ముందూ మెచ్చుకోలు. బాగులేకపోతే పక్కకు పిలిచి మాట్లాడేవారు. ఎదుటివాడి మీద చాడీ చెప్పకూడదు, తన తప్పు తాను చెప్పుకోవచ్చు, ఇదీ అక్కడి మర్యాద. పోలీసులకు చిక్కని కుర్రాళ్ళు కూడా తమంత తామే వచ్చి చేసిన తప్పు ఒప్పుకునేవారు.

అన్నిటికన్నా ఆ రోజుల్లో జనాన్ని నివ్వెరపరచిన పద్ధతి ఇంకొకటుంది. బాలనేరస్థుల పాఠశాల డెన్వర్‌కు పడమట గోల్డెన్ అనే ఊళ్ళో ఉండేది. శిక్షపడిన కుర్రాడిని సంకెళ్ళు వేసి, ఎస్కార్టు పోలీసును ఇచ్చి అక్కడికి పంపేవారు. లిండ్సే అలా చెయ్యలేదు. వారంటు కాగితం ఆ కుర్రాడి చేతికే ఇచ్చి, వాడినే బండెక్కి వెళ్ళి తనను తాను అప్పగించుకోమనేవారు. పోలీసులు పగలబడి నవ్వారు. కాని ఏళ్ళ తరబడి వందలమంది కుర్రాళ్ళు ఆ కాగితం జేబులో పెట్టుకుని ఒంటరిగా వెళ్ళి ఆ గేటు తట్టారు. మాట తప్పినవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేటంతమంది. జీవితంలో మొదటిసారిగా తన మాటను ఒక పెద్దమనిషి నమ్మాడన్న ఆశ్చర్యమే వాళ్ళకు ఎస్కార్టు అయిందని నేననుకుంటాను.

1903లో ఇంకో పని చేశారు. పిల్లల్ని పెద్దనేరస్థులతో కలిపి జైల్లో పెడితే ఎంత ఘోరాలు జరుగుతాయో ఆయన చెబితే పోలీసు అధికారులు అబద్ధమని కొట్టిపారేశారు. అప్పుడాయన గవర్నరునూ, మేయరునూ, మతపెద్దలనూ తన ఛాంబర్‌కు ఆహ్వానించి, జైలుకు వెళ్ళొచ్చిన పిల్లల చేతనే చెప్పించారు. పసివాళ్ళ నోటంట ఆ మాటలు విన్నాక పెద్దమనుషులు తలెత్తలేకపోయారు. ఆయన ప్రతిపాదించిన చట్టాలు ఆ ఏడాదే సభలో నెగ్గాయి. అందులో ఒకటి మరీ కొత్తది. పిల్లవాడు చెడిపోవడానికి కారకులైన పెద్దవాళ్ళు, తల్లిదండ్రులైనా సరే, సారా అమ్మినవాడైనా సరే, బాధ్యులే అని చెప్పింది. దాన్ని తర్వాత చాలా రాష్ట్రాలు అనుసరించాయి. 1907లో డెన్వర్‌లో బాలల కోర్టును కౌంటీ కోర్టు నుంచి విడదీసి ప్రత్యేక కోర్టుగా ఏర్పాటు చేశారు. లిండ్సే దానికి జడ్జి అయ్యారు.

ఇంతవరకూ అందరికీ బాగానే ఉంది. పిల్లల్ని ముద్దుచేసే జడ్జి అంటే ఎవరికి చేదు? చిక్కెక్కడ వచ్చిందంటే, పిల్లలు ఎందుకు చెడిపోతున్నారని వెతుక్కుంటూ పోయిన మనిషికి ఒక్కొక్క పెద్ద తలుపే అడ్డం వచ్చింది. సారా దుకాణాల వెనక పోలీసులు, పోలీసుల వెనక పార్టీలు, పార్టీల వెనక నగరానికి నీళ్ళూ గ్యాసూ ట్రాములూ నడిపే కంపెనీలు. సీసం విషంతో మంచం పట్టిన ఆ తండ్రి గుర్తున్నాడు కదా, అతని మీద ఆధారపడిన పిల్లవాడు బొగ్గు దొంగ ఎందుకయ్యాడో అడిగితే ఆ ప్రశ్న కర్మాగారం దాకా పోతుంది. తన కోర్టుకు కొన్న కాగితాల బిల్లుల్లో దొంగలెక్కలు చూసి, సొంత పార్టీవాళ్ళున్న కౌంటీ కమిషనర్లనే లిండ్సే బయటపెట్టారు. వాళ్ళకు పడింది నామమాత్రపు జరిమానా. ఆయనకు పడింది ఆజన్మ శత్రుత్వం. ఈ వ్యవహారమంతా 1909లో ఒక ప్రసిద్ధ పత్రికలో ధారావాహికంగా రాశారు, 1910లో అది పుస్తకంగా వచ్చింది. దానికి ఆయన పెట్టిన పేరుకు మృగం అని అర్థం. డబ్బూ రాజకీయమూ కలిసి పుట్టిన జంతువు అది.

ఇప్పుడు ఎన్నికల సంగతికి వద్దాం. 1904లో ఆయన పలుకుబడి ఎంతంటే, మింగలేక కక్కలేక రెండు పార్టీలూ ఆయన్నే నిలబెట్టుకున్నాయి. 1906లో గవర్నరు పదవికి స్వతంత్రంగా పోటీచేసి ఓడిపోయారు. 1908 వచ్చేసరికి రెండు పార్టీలూ కూడబలుక్కుని ఆయనకు టిక్కెట్టు ఎగ్గొట్టాయి. ఆ రోజుల్లో ఓటర్లు గవర్నరు మొదలుకొని గుమాస్తా దాకా పార్టీ జాబితా మొత్తానికి ఒక్క గుర్తుతో ఓటెయ్యడానికి అలవాటు పడ్డవాళ్ళు. అందులో ఒక్క పదవికి మాత్రం పార్టీని కాదని వేరే పేరు వెతికి గుర్తు పెట్టాలంటే ఓర్పు కావాలి, తెలివి కావాలి. స్వతంత్రుడికి డిపాజిట్టయినా దక్కదని మన భాషలో చెప్పుకునే పరిస్థితి.

లిండ్సే పక్షాన నిలిచింది ఎవరయ్యా అంటే, ఒకరు ఆడవాళ్ళు, రెండోవారు పిల్లలు. కొలరాడోలో స్త్రీలకు 1893లోనే ఓటుహక్కు వచ్చింది, అదీ ప్రజాభిప్రాయ సేకరణలో నెగ్గి. తల్లులు ఆయన కోసం కదిలారు. ఇక పిల్లలకు ఓటు లేదు. కాని కాళ్ళున్నాయి, గొంతులున్నాయి. పత్రికలు అమ్మే కుర్రాళ్ళు, ఒకప్పుడు ఆయన కోర్టులో నిలబడిన కుర్రాళ్ళు, ఊరంతా తిరిగి ఆయన పేరు చెప్పారు. ఓట్ల లెక్క తేలేసరికి రెండు పార్టీల అభ్యర్థులనూ వెనక్కి నెట్టి లిండ్సే ఘనంగా గెలిచారు. నియమించే అధికారం పార్టీ పెద్దల చేతిలోనే ఉండి ఉంటే ఆనాటితో ఆయన కథ ముగిసేది. ఎన్నిక ఉండబట్టే బతికారు. జడ్జీల ఎన్నికను ఎగతాళి చేసేముందు మనం ఈ సంగతి ఒప్పుకోవాలి.

1915లో ఆయనకు అసలు పరీక్ష వచ్చింది. ఒక ఇంట్లో తండ్రి తుపాకి దెబ్బకు చనిపోయాడు. తల్లి మీద హత్య కేసు పెట్టారు. వాళ్ళ పిల్లవాడు లిండ్సే దగ్గరికి వచ్చి ఏదో చెప్పుకున్నాడు. తల్లి విచారణలో ఆ పిల్లవాడు ఏం చెప్పాడో చెప్పమని లిండ్సేని సాక్షిగా పిలిచారు. ఆయన చెప్పనన్నారు. పిల్లవాడు నమ్మి చెప్పిన మాటను బయటపెడితే ఇక ఏ పిల్లవాడూ తన గడప తొక్కడని ఆయన వాదం. డాక్టరుకు, ప్లీడరుకు, మతగురువుకు ఉన్న రక్షణ బాలల కోర్టు జడ్జికి చట్టంలో లేదని కోర్టు తేల్చింది. కోర్టు ధిక్కారం కింద 500 డాలర్ల జరిమానా వేసింది. రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా దాన్ని ఖాయం చేసింది. ఒక జడ్జి కోర్టు ధిక్కారానికి జరిమానా కట్టడం విడ్డూరమే. చట్టం దృష్టితో చూస్తే పై కోర్టు తీర్పులో తప్పు పట్టడం కష్టమని నాకు తోస్తుంది. అయినా నా మనసు లిండ్సే వైపే మొగ్గుతుంది. రెండూ నిజాలే. ఇలాంటి చోటనే న్యాయశాస్త్రం పుస్తకం మూసి ఆలోచించవలసి వస్తుంది.

ఏళ్ళు గడిచాయి. 1920ల్లో కు క్లక్స్ క్లాన్ అనే రహస్యసంఘం కొలరాడోను కమ్మేసింది. నల్లవాళ్ళూ, యూదులూ, కాథలిక్కులూ, వలస వచ్చినవాళ్ళూ దాని శత్రువులు. 1924 ఎన్నికల్లో గవర్నరు పదవి క్లాన్ మనిషికే దక్కింది. ఊరి పెద్దలు చాలామంది తెల్లముసుగుల్లో దూరిపోయారు, మిగిలినవాళ్ళు నోరు మూసుకున్నారు. లిండ్సే నోరు మూసుకోలేదు. ఆ ప్రభంజనంలోనూ ఆయన గెలిచారు, కాని బహు స్వల్పమైన ఆధిక్యంతో. ఓడిన ప్రత్యర్థి ఎన్నిక చెల్లదంటూ దావా వేశాడు. దావా నడుస్తుండగానే ఆ ప్రత్యర్థి 1925లో ఆత్మహత్య చేసుకున్నాడు. దావా మాత్రం చావలేదు. అతని భార్య దాన్ని కొనసాగించింది. చివరికి 1927 జనవరిలో రాష్ట్ర సుప్రీంకోర్టు ఒక పోలింగు ప్రాంతంలో అక్రమాలు జరిగాయని అక్కడి ఓట్లన్నీ కొట్టేసింది. అది యూదులు ఎక్కువగా ఉండే ప్రాంతం, లిండ్సేకి ఓట్లు పోగుపడ్డ ప్రాంతం. ఆ ఓట్లు తీసేస్తే ఆయన ఓడినట్టే. పాతికేళ్ళు దాటిన జడ్జిగిరీ ఒక్క చిన్నపేట ఓట్ల లెక్క మీద కూలిపోయింది.

కుర్చీ దిగిపోతూ ఆయన చేసిన పని చూడండి. ఇన్నేళ్ళుగా పిల్లలు, ఆడపిల్లలు, తల్లులు నమ్మి చెప్పుకున్న రహస్యాల కాగితాలు కట్టలు కట్టలుగా ఆయన దగ్గరున్నాయి. రాబోయే జడ్జి ఎవరో, అవి ఎవరి చేతిలో ఆయుధాలవుతాయో తెలియదు. 1927లో భార్యతో కలిసి వాటిని ఒక ఖాళీస్థలానికి చేర్పించి నిప్పు పెట్టేశారు. చరిత్రకారుడు చూస్తే అయ్యో అంటాడు. అధికారి చూస్తే నేరమంటాడు. ఆ కాగితాల్లో పేరున్న మనిషికి మాత్రం ఆ రాత్రి కంటినిండా నిద్ర పట్టి ఉంటుంది. 1915లో జరిమానాకు ఒప్పుకున్న మనిషే 1927లో నిప్పు పెట్టాడు. మధ్యలో పన్నెండేళ్ళు గడిచినా మాట అదే.

ఆ సమయంలోనే ఆయన్ని ప్రపంచమంతా తిట్టిపోసిన వ్యవహారం ఇంకొకటి నడిచింది. యువతీయువకుల కష్టాలు వినివిని, వాటి మీద 1925లోనూ 1927లోనూ రెండు పుస్తకాలు రాశారు. రెండోదాంట్లో ఒక కొత్తరకం వివాహం ప్రతిపాదించారు. చట్టబద్ధంగానే పెళ్ళి చేసుకోవాలి. పిల్లలు ఎప్పుడు కావాలో దంపతులే నిర్ణయించుకోవాలి. పిల్లలు పుట్టకముందు ఇద్దరికీ పొసగకపోతే పరస్పర అంగీకారంతో విడిపోయే వీలుండాలి. అంతే. దాన్ని విచ్చలవిడితనమని చర్చిలు దుమ్మెత్తిపోశాయి. బెర్ట్రాండ్ రస్సెల్ 1929లో వివాహం గురించి రాసిన పుస్తకంలో లిండ్సే ప్రతిపాదనను చర్చించి సమర్థించారు. మన దేశంలో హిందూ వివాహ చట్టంలో పరస్పర అంగీకారంతో విడాకుల సెక్షన్ చేరింది 1976లో. ఆనాడు బూతుగా తోచిన మాట ఈనాడు మన కుటుంబ కోర్టుల్లో రోజువారీ పిటిషను.

ఆయన దోషాలు కూడా చెప్పకపోతే ఇది జీవితచరిత్ర కాదు, భజన అవుతుంది. లిండ్సేకి కీర్తికాంక్ష మెండు. తన కథ తానే చెప్పుకోవడం, అందులో తానే కథానాయకుడు కావడం ఆయనకు ఇష్టం. విమర్శించినవాళ్ళందరినీ మృగం మనుషులుగా చూసే అలవాటు కూడా ఉంది. జడ్జిగా ఉంటూనే న్యూయార్కులో ఒక కోటీశ్వరుడి ఆస్తి తగాదాలో అతని భార్యాపిల్లల పక్షాన పనిచేసి ప్రతిఫలం పుచ్చుకున్నారు. 1929లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ కారణంగా ఆయన సన్నదు రద్దుచేసింది. శత్రువులు కాచుకుని ఉన్నారన్నది నిజమే. కాని కాచుకుని ఉన్నారని తెలిసిన మనిషి అంత అజాగ్రత్తగా ఉండవలసింది కాదు. అనాథల ఆస్తికి కాపలాతో మొదలైన జీవితం ఒక వారసత్వ తగాదా దగ్గరే తప్పటడుగు వెయ్యడం విధివిలాసమే.

అక్కడితో అయిపోయిందని అందరూ అనుకున్నారు. ఆయన కాలిఫోర్నియా వెళ్ళిపోయారు. అరవై దాటిన వయసులో 1934లో లాస్ ఏంజిలిస్ కౌంటీ సుపీరియర్ కోర్టు జడ్జి పదవికి మళ్ళీ ఓటర్ల ముందు నిలబడ్డారు. భారీగా గెలిచారు! మరుసటి ఏడు కొలరాడో కూడా ఆయన సన్నదు తిరిగి ఇచ్చింది. విడాకుల దాకా వచ్చిన దంపతులను పిల్లల క్షేమం కోసం కూచోబెట్టి మాట్లాడే రాజీ కోర్టు కోసం కృషిచేశారు. కాలిఫోర్నియాలో ఆ చట్టం 1939లో వచ్చింది. జడ్జిగా ఉండగానే 1943 మార్చి 26న లాస్ ఏంజిలిస్‌లో కన్నుమూశారు.

ఇంతకీ ఆయన వదిలివెళ్ళిందేమిటి? బాలల కోర్టు అనే ఆలోచన అప్పటికే సముద్రాలు దాటింది. మద్రాసు రాజధానిలో 1920లో బాలల చట్టం వచ్చింది, ఈ దేశంలో అలాంటి వాటిలో మొదటిది అదే. అప్పుడు మన కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ రాజధానిలోనివే. దేశమంతటికీ వర్తించే చట్టాలు తర్వాత 1986లోనూ, 2000లోనూ, 2015లోనూ వచ్చాయి. ఇవన్నీ లిండ్సే ఒక్కడి వల్ల వచ్చాయని చెప్పడం అతిశయోక్తి. కాని ఆ ఆలోచనను ఊరూరా మోసిన గొంతుల్లో ఆయనది పెద్దగొంతు.

ఆయన పద్ధతిలో ఒక లోపం కూడా కాలం బయటపెట్టింది. ప్లీడర్లూ, సాక్ష్యాల నిబంధనలూ, అప్పీళ్ళూ అక్కర్లేదు, మంచి మనసున్న జడ్జి చాలునని ఆయన అనుకున్నారు. జడ్జి లిండ్సే అయితే చాలు. కాకపోతే? అరిజోనాలో ఫోనులో అసభ్యంగా మాట్లాడాడన్న నేరం మీద పదిహేనేళ్ళ కుర్రాడిని ఇరవై ఒకటో ఏడు వచ్చేదాకా ఉంచేటట్టు బాలనేరస్థుల పాఠశాలకు పంపేశారు. అదే పని పెద్దవాడు చేస్తే కొద్దిపాటి జరిమానా, మహా అయితే రెండు నెలల జైలు. 1967లో అమెరికా సుప్రీంకోర్టు ఆ కేసులో, పిల్లలకు కూడా ప్లీడరును పెట్టుకునే హక్కూ, సాక్షులను ప్రశ్నించే హక్కూ ఉన్నాయని తీర్పు చెప్పింది. దయ ఒక్కటే చాలదు, దయకు కూడా చట్టం కంచె ఉండాలి. తండ్రిలాంటి జడ్జి కంటె హక్కులాంటి చట్టం ఎక్కువకాలం బతుకుతుంది.

మొదట వేసుకున్న ప్రశ్నకు ఈ జీవితం నాకిచ్చిన జవాబు ఇది. ఎన్నిక అనేది మంచిదీ కాదు చెడ్డదీ కాదు. 1908లో అదే ఆయన్ని పార్టీల నుంచి కాపాడింది. 1924లో అదే ఆయన్ని గుంపు ముందుకు ఈడ్చింది. తేడా ఓటుపెట్టెలో లేదు. గెలిచినవాడు తాను ఎవరికి బాకీ అనుకుంటున్నాడన్న దాంట్లో ఉంది. తనకు ఓటేసినవాళ్ళకే బాకీ అనుకునేవాడు మరుసటి ఎన్నిక దాకా బతుకుతాడు. లిండ్సే తాను బొగ్గు దొంగకు బాకీ అనుకున్నాడు, జైల్లో పేకాడిన పసివాళ్ళకు బాకీ అనుకున్నాడు. వాళ్ళలో ఒక్కడికీ ఓటు లేదు.

మన కళాశాలల్లోంచి రేపు ప్లీడర్లు వస్తారు, మేజిస్ట్రేటులు వస్తారు, ఓట్లడిగే నాయకులూ వస్తారు. వాళ్ళలో ఎవరి బల్ల ముందుకైనా ఒక పక్క పెద్ద ఆస్తి తగాదా, ఇంకో పక్క దిక్కులేని ఒక పిల్లవాడు ఒకేరోజు రావచ్చు. అప్పుడు దేనికి ఎన్ని నిమిషాలు ఇచ్చారో ఎవరూ లెక్క రాయరు. ఆ లెక్క ఎవరికి వాళ్ళే చూసుకోవాలి.